ఘటములోని దీపము



దీపము వెలిగించుట మన చేతిపని. దేవుని గూటియొద్ద ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి వెలిగించుట పుట్టినింట మనకు నేర్పిన మొదటి పనులలో నొకటి. దీపమును ఎచ్చట నుంచిన ఇల్లంతయు వెలుగునో, ఎచ్చట నుంచిన గోడ మసిబారుటయే ఫలమగునో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. కావున వెలుగు పుట్టుట వేరు, పుట్టిన వెలుగు పనికివచ్చుట వేరు అను మాట ఈ పత్రిక చదువువారికి వింత కాదు. ఈ చిన్నమాటయే నేటి శాస్త్రజ్ఞులకు పెద్ద చిక్కుసమస్యయై యున్నది. దానినిగూర్చి మేము చదివినదియు, బడిలో భౌతికశాస్త్రము చెప్పు మావారిని అడిగి తెలిసికొన్నదియు, తీరికవేళల తలపోసినదియు నిచట మనవి చేయుచున్నాము.

మన యిండ్లలో వెలుగుచున్న ఎల్.ఇ.డి. బల్బును చూడుడు. దాని వెలుగు తెల్లనిది. కాని లోపల పుట్టునది తెల్లని వెలుగు కాదు. గాలియం నైట్రైడు అను పదార్థముతో జేసిన మిక్కిలి చిన్న పలుకునుండి నీలికాంతి పుట్టును. ఆ పలుకుపై పసుపువన్నె పూత యొకటి యుండును. నీలికాంతిలో కొంతభాగమును ఆ పూత త్రాగి, పసుపుకాంతిగా మరల వెలిగ్రక్కును. త్రాగగా మిగిలిన నీలమును, క్రొత్తగా పుట్టిన పసుపును గలసి మన కంటికి తెలుపుగా దోచును. ఇట్టి నీలిపలుకును సాధించుటకు జపానుదేశపు శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి శ్రమించిరి. నిచియా అను సంస్థయందు నకమురాగారు 1993లో ప్రకాశవంతమగు నీలిదీపమును చూపిరి. 1996లో ఆ సంస్థయే పసుపుపూత చేర్చిన తెల్లదీపమును బయటికి దెచ్చెను. అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెలు బహుమానము లభించినది. మన దేశమున 2015 జనవరి 5వ తేదీని ఆరంభమైన ఉజాలా పథకముచే 36 కోట్లకు పైగా నిట్టి బల్బులు జనులకు జేరినవి. పూర్వము 60 వాట్ల తీగబల్బు ఇచ్చిన వెలుగును నేడు 9 వాట్ల బల్బు ఇచ్చుచున్నది.

ఆ పసుపుపూతవంటి పదార్థములను ఫాస్ఫరులందురు. ఫాస్ఫరనగా భాస్వరము కాదు. పేర్లు దగ్గరవగుటచే పొరబడరాదు. ఒక రూపమున శక్తిని గ్రహించి, కంటికి గనబడు వెలుగుగా మార్చి యిచ్చు పదార్థము లన్నిటికిని ఇది పొదుగు పేరు. ట్యూబులైటు గాజుగొట్టము లోపలి తెల్లనిపూత ఫాస్ఫరే. వెనుకటి పెద్ద టెలివిజను పెట్టెల అద్దము లోపలివైపున బొమ్మను చూపినదియు ఫాస్ఫరే. తెల్లదీపములో వాడుక యధికమైనది ఇట్రియము, అల్యూమినియము, ప్రాణవాయువు గలసిన స్ఫటికము. అందు సీరియమను లోహము కొలదిగా చేరియుండును.

ఇక చిక్కేమన, ఇట్టి స్ఫటికము లోపల పుట్టిన వెలుగు బయటికి రాజాలదు. స్ఫటికము స్వచ్ఛముగనే యుండును. అడ్డుగోడ యేమియు గానరాదు. ఐనను రాజాలదు. ఇది యెట్లన్నచో వంటయింటనే చూడవచ్చును. ఒక చేమాకును తెచ్చి, తేటనీరు గల గిన్నెలో ఏటవాలుగా ముంచి ప్రక్కనుండి చూడుడు. పచ్చని యాకు వెండిరేకువలె తళతళలాడును. పైకి తీసినచో తడియైన నంటదు, మరల పచ్చని యాకే. నీటిలో ఆ యాకును అంటుకొని పలుచని గాలిపొర నిలిచియుండును. నీటిలో నడచు వెలుగు ఆ గాలిపొరను ఏటవాలుగా తాకినపుడు గాలిలోనికి పోజాలక, మొత్తముగా వెనుకకు మరలును. ఆ మరలిన వెలుగే మనకు వెండివలె గనబడునది. దీనిని సంపూర్ణాంతర పరావర్తనమని పాఠ్యపుస్తకములలో వ్రాయుదురు.

సాంద్రమైన పదార్థమునుండి గాలిలోనికి రాదలచిన వెలుగు దాదాపు నిటారుగా వచ్చినగాని ద్వారము తెరువబడదు. ఎంత వాలు వరకు అనుమతి యను హద్దును సందిగ్ధకోణమందురు. నీటికది సుమారు 49 డిగ్రీలు. వజ్రమునకు సుమారు 24 డిగ్రీలే. కావుననే వజ్రములో జొచ్చిన వెలుగు లోలోపల తిరిగి తిరిగి, సానపట్టినవాడు చూపిన దారినే వెడలి, ముక్కుపుడకకు అంతటి తళుకు నిచ్చుచున్నది. మనము చెప్పుకొన్న పసుపు స్ఫటికమునకు హద్దు సుమారు 33 డిగ్రీలు. లోపల పుట్టిన వెలుగు అన్నివైపులకును సమముగా పోవును గదా. అందులో నున్నని యొక ముఖమునుండి నేరుగా బయటికి రాగలిగినది నూటికి 8 పాళ్లు మాత్రమే యని లెక్కకు వచ్చును. మిగిలినది గోడనుండి గోడకు కొట్టుకొనుచు తిరుగును. కొంత ప్రక్కలనుండి జారిపోవును. కొంత లోపలనే హరించిపోవును.

బల్బులలో ఈ నష్టము అంతగా నుండదు. అందు ఫాస్ఫరును పొడిచేసి పారదర్శకమగు జిగురులో కలుపుదురు. రేణువునుండి రేణువునకు తగిలి దిక్కు మార్చుకొనుచు వెలుగు ఎట్లో బయటపడును. కాని కొన్నియెడల పొడి పనికిరాదు. ఒకే స్ఫటికముగనో, పలకగనో, పలుచని పొరగనో యుండవలెను. అచ్చటనే నునుపుదనము శత్రువగును. అట్టి చోటులలో మన స్త్రీలకు మిక్కిలి దగ్గరిది ఆసుపత్రిలోని ఎక్స్ రే గది.

మా రెండవ అమ్మాయికి ఎనిమిదవ యేట దగ్గు పట్టి, నాలుగు మాసములలో మూడుమారులు ఛాతీకి ఎక్స్ రే తీయవలసివచ్చెను. ప్రతిమారును అచ్చటి యువకుడు, "అమ్మా, మీరు తలుపవతల నిలువుడు" అనెడివాడు. మాకు తగులరానిది బిడ్డకేల తగులవలెనను వ్యాకులత తల్లియైన ప్రతిదానికిని కలుగునదే. మూడవనాడు ఉండబట్టలేక అతనినే యడిగితిమి. అతడు విసుగుకొనక చెప్పినాడు: కిరణములు బిడ్డ దేహముగుండ పోయి, వెనుకనున్న పలకలోని ఫాస్ఫరుపొరను తాకును, అచ్చట అవి వెలుగుగా మారును, ఆ వెలుగును గ్రహించి యంత్రము బొమ్మను గూర్చును. అతడును తల్లియును దినదినము ఒకేవిధముగ తగులు కిరణములకు లోనుగా నక్కరలేదు గనుక తలుపవతల నిలుచుట; బిడ్డకు అవసరమగుటచే కొలదిగా తగులుట. "కిరణములను ఇంకను తగ్గింపరాదా?" యని మేమడుగగా, "బొమ్మకు వెలుగు చాలవలెను గదమ్మా" అనెను. ఆ యొక్కమాట మాకు నిదుర పట్టనీయలేదు. ఆ పలకలో పుట్టిన వెలుగెంత? బొమ్మకు అందినదెంత?

నిజమునకు ఎక్స్ కిరణములను లోకము మొదట చూచినదే ఫాస్ఫరు వెలుగులో. 1895 నవంబరు 8వ తేదీని జర్మనీదేశమున వూర్‌ట్స్‌బుర్గు నగరమందు రాంట్జెనుగారు చీకటిగదిలో, బేరియం ప్లాటినోసైనైడు పూసిన తెర దానంతట వెలుగుట గాంచిరి. ఆ తొలినాళ్లలో బొమ్మ దిగుటకు ఎక్కువసేపు కిరణముల యెదుట నుండవలసివచ్చెడిది. హాని ఇట్టిదని యెవ్వరికిని సరిగా తెలియదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పద్దులు వ్రాసి జీవించుచుండిన ఎలిజబెత్ ఫ్లైష్‌మన్ అను వనిత ఆ విద్యను స్వయముగా నేర్చి, ఎక్స్ రే శాలను స్థాపించి, యుద్ధమున గాయపడిన సైనికుల దేహములలోని తూటాల జాడలను వైద్యులకు చూపి మన్ననలందెను. ఆ కిరణములే ఆమె చేతిని తినివేసెను. చేయి తీసివేసినను ప్రాణము దక్కలేదు, 1905లో మరణించెను.

ఇది చదివి యే తల్లియు భయపడి వైద్యుడు కోరిన పరీక్షను మానరాదు. నేడు ఛాతీకి ఒకమారు తీయు ఎక్స్ రేలో తగులునది, భూమినుండియు ఆకాశమునుండియు సహజముగ మనకు పది దినములలో తగులునంతటిదే. ఈ తగ్గుదలకు ఫాస్ఫరుల యభివృద్ధియు ఒక కారణము. ఇప్పటి యంత్రములు పెక్కింటిలో సీసియం అయొడైడు అను పదార్థమును సూదులవలె నిలువుగా పెంచి, ప్రక్కలకు పోవు వెలుగును ఆ సూదులవెంట నడిపించుచున్నారు. ఐనను పుట్టిన వెలుగు నింకను దక్కించుకొనగలిగినచో, కిరణములను ఇంకను తగ్గింపవచ్చును గదా! మరల మరల పరీక్ష కావలసిన రోగులకును, పసివారికిని అది చిన్న మేలా?

శాస్త్రజ్ఞులు కనుగొన్న యుపాయము వినుటకు సులభము. ముఖము నునుపుగ నుండుటచే వెలుగు మరలుచున్నది గావున, ఆ నునుపును చెరచవలెను. ఐతే ఇటుకరాయితో గీచినట్లు కాదు. కంటికి గనబడు వెలుగు అల పొడవు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు నుండును. తలవెండ్రుక యొకటి సుమారు 80,000 నానోమీటర్ల మందము. వెలుగు అలకు సాటియైన కొలతలో, వెండ్రుక మందమున వందలకొలది పట్టునంతటి మిట్టలనో గుంటలనో ముఖమంతట తీర్చవలెను.

అవి రెండువిధములుగ తోడ్పడును. అలకన్న చిన్నవగు మొనలు మొదటిరకము. గడప యెత్తుగ నున్నచోట బండి ఎదురుదెబ్బ తినును. ఏటవాలు కట్టినచో సాఫీగ దిగును. అట్లే ఆ మొనలు స్ఫటికమునుండి గాలికి క్రమముగ దింపుటచే, ద్వారమువరకు వచ్చిన వెలుగు వెనుకకు పోదు. ఈ నేర్పు రాత్రివేళ తిరుగు చిమ్మటల కనుగ్రుడ్లపై కలదని 1960ల దశకమున స్వీడనుదేశపు బెర్న్‌హార్డుగారు చూపిరి. ఆ కన్నులు వెలుగును దాదాపు మరలింపవు. అందుచే చీకటిలో చూపును పెంపొందును, శత్రువునకు మెరపును గనబడదు. అలకు సాటియైన యెడముతో వరుసదీరిన గుంటలు రెండవరకము. అవి వాలుగా వచ్చిన వెలుగును తాకి దిక్కు మార్చి, ద్వారమువైపు త్రిప్పును. పాటల సీడీ పళ్లెరముపై ఇంద్రధనుస్సు గనబడుట ఇట్టి వివర్తనముచేతనే. మొదటిది ద్వారపాలకుని మంచిచేసికొనుట. రెండవది దారి తప్పినవానికి దారి చూపుట. చెరలోని వెలుగులో అధికభాగము దారి తప్పినదే గనుక రెండవదే పెద్ద మేలు.

వీనిని తీర్చు పద్ధతులు చూచితిమేని మన పనులే జ్ఞప్తికి వచ్చును. పెడనలో కలంకారీవారు చెక్కయచ్చును బట్టపై నద్దినట్లు, నానోయచ్చును మెత్తని పూతపై నద్ది గట్టిపరచుట యొకటి. పళ్లెములో ఆవాలు పోసి మెల్లగా కదల్చిన నవి తామే ఒత్తుగ వరుసదీరును. అటులనే పాలిస్టైరీను గుండ్లను ఒక్క వరుసగా పరచుట మరియొకటి. సియోలునగరపు కుక్మిన్ విశ్వవిద్యాలయమువారు పలుచని ఫాస్ఫరుపొరపై నిట్లు గుండ్లను పరచి, బయటికి వచ్చు వెలుగు పెరుగుట చూపిరి. 2022లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు మనము చెప్పుకొన్న పసుపు స్ఫటికముపైననే రంధ్రముల వరుస చెక్కి, ఎక్స్ కిరణములు తాకినపుడు వచ్చు వెలుగును దాదాపు పదిరెట్లు చేసిరి. అది చాల చిన్నముక్కపై చేసిన ప్రయోగము. ఛాతీయంతటి పలకపై అట్టి చెక్కుడును తక్కువ వ్యయముతో చేయుట ఇంకను కష్టసాధ్యము. ఆసుపత్రికి చేరువరకు ఓపిక పట్టవలెను.

రంధ్రములచే వెలుగు బయటపడునను మాట చదివినపుడు మాకు బాల్యమున తాతగారియొద్ద వల్లించిన దక్షిణామూర్తి స్తోత్రము స్ఫురించినది. శంకరాచార్యులవారిదని చెప్పబడు ఆ స్తోత్రమున, పెక్కు రంధ్రములు గల కడవలో నుంచిన గొప్పదీపముతో ఆత్మజ్ఞానమును పోల్చిరి. కన్ను మొదలగు ఇంద్రియములే యా రంధ్రములు. అప్పు డర్థము చెప్పుచు తాతగారు చిల్లుల కుండలో ప్రమిద నుంచి చూపిరి. గోడలపై పడిన చుక్కలను పట్టుకొనుటకు మేము పరుగిడితిమి. ఆచార్యులవారు స్ఫటికశాస్త్రము చెప్పిరని మా యభిప్రాయము కాదు. అట్టి గొప్పలు చెప్పుట శాస్త్రమునకును, స్తోత్రమునకును మర్యాద గాదు. ఉపమానము మాత్రము మనసున నిలిచినది.

అది నిలుచుటకు వేరొక హేతువు కలదు. మా మేనత్తగారు చిన్ననాటనే వైధవ్యము పొంది పుట్టినింటనే యుండిరి. భారతము పదునెనిమిది పర్వములును ఆమెకు కరతలామలకము. అమరము, ఆంధ్రనామసంగ్రహము నోటికి వచ్చును. తాతగారు తడుముకొన్నచోట వంటయింటినుండి పదమందించెడివారు. ఆమెను వచ్చినవారందరును మెచ్చుచు, "ఎంత నెమ్మది! ఎంత అణకువ!" అనెడివారు. విద్యను మెచ్చినవారు లేరు. ఆమె యెవ్వరికి నేమియు చెప్పగా మేమెరుగము. నడివయసు దాటినపిదప ఆమెకు కోపము హెచ్చినది. గిన్నెలు విసరినట్లు పెట్టెడివారు; పిల్లలము దగ్గరకు పోవ జంకెడివారము. "పెద్దతనమున చాదస్తము" అని యింటివారు సరిపెట్టుకొనిరి. ఆమె పోయినపిమ్మట పెట్టె తెరచిచూడగా తెల్లచీరలు, తులసిపూసలు తప్ప, వ్రాతమడత యొక్కటియు లేదు.

బయటికి రాని వెలుగు ఏమగునని మావారి నడిగినపుడు వారు, "ఏమగును? వేడియగును. ఆ వేడికి ఫాస్ఫరు శక్తియు సన్నగిల్లును" అని మామూలుగా చెప్పి, పిల్లల పరీక్షకాగితములు దిద్దుకొనసాగిరి. మేము మాత్రము చాలసేపు మేనత్తగారినే తలచుకొనుచుంటిమి.

కడవను పగులగొట్టవలెనని మేము చెప్పుట లేదు. పగిలిన కడవలో దీపమునకు గాలితాకుడే మిగులును. గుంట యెంత పెద్దదైన అంత మేలనుటయు కాదు. వెలుగు అలకు తగిన కొలత కావలెనని శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు. మన సంసారములకు తగిన చిన్నరంధ్రము లెన్నియో కలవు. తెలిసిన వైద్యము, పాట, లెక్క కాగితముపై పెట్టుట యొకటి. వైద్యునియొద్ద నోరు మెదపి సందేహ మడుగుట యొకటి. పొరుగుపిల్లకు దినమున కొక గడియ చదువు చెప్పుట యొకటి. ఇవి యొక్కొక్కటియు స్వల్పమే. వరుసగ, ఎడము తప్పక యున్నప్పుడే ఫలము.

మా వీథియరుగున సాయంకాలములందు ఐదుగురు బాలికలు చదువుకొనుచున్నారు. అందొకతెకు లెక్కలయందు చక్కని ప్రజ్ఞ కలదు. పదవ తరగతితో చాలునని ఆమె యింటివారి తలంపు, "ఇంకను చదివి ఏమి వెలిగించును?" అని ఆమె నాయనమ్మగారు మాతో ననిరి. మొన్న మేము ఈ చేమాకు ముచ్చట చెప్పుచు, మిణుగురుపురుగు కడుపుపై ఏటవాలుగా లేచియున్న పొలుసుల యంచులు లోపలి వెలుగును బయటికి దెచ్చుననియు, అవి నానోకొలతకు కొంత పెద్దవైనను, ఆ పోలికగా ఎల్.ఇ.డి. పై పూత పూసి వెలుగును 55 పాళ్లు పెంచిరనియు వర్ణించితిమి. అందరును బల్బువైపు చూచుచుండ, ఆ పిల్ల మావైపు చూచి, "అత్తయ్యగారూ, ఇట్టివి కనుగొన్నవారిలో ఆడువారున్నారా?" అని యడిగినది.

ఉన్నారు. మిణుగురు పొలుసులను శోధించి 2013లో ప్రకటించిన ఆ వ్యాసమునకు మొదటి కర్త్రి బెల్జియముదేశపు నామూరు విశ్వవిద్యాలయమున చదువుచుండిన ఆనిక్ బే అను స్త్రీ. ఆ పేరును ఆ బాలిక తన పుస్తకపు కడపటి పుటలో వ్రాసికొన్నది. ఇంటరు కళాశాలలో చేర్చుటకు గడువింకను మూడువారములున్నది. రేపు మధ్యాహ్నము, ఆమె నాయనమ్మగారు ఒడియాలు పెట్టుకొను వేళ, మేము పోయి ప్రక్కన కూర్చుండి మాటలాడ నిశ్చయించితిమి.